బ్యాటరీ బండికి రెండు తలుపులు

మా విద్యాలయంలో ఒక గోల్ఫ్ బండి ఉంది. అంటే మా బడిలో గోల్ఫ్ ఆడతారని కాదు. కంటోన్మెంటు గోల్ఫ్ మైదానంలో ఏళ్ల తరబడి తిరిగి, రంగు వెలిసిపోయాక మా బడికి వచ్చింది. నలుగురు కూర్చునే బండి. గేటు నుంచి తరగతి గదుల దాకా 400 మీటర్ల దారి. నడవడం కష్టమైన పిల్లల్ని, వార్షికోత్సవం రోజున తాతయ్యల్ని, నానమ్మల్ని, పరీక్షలప్పుడు జవాబు పత్రాల కట్టల్ని అదే మోస్తుంది. అందరూ దాన్ని బ్యాటరీ బండి అంటారు. మేమూ అలాగే అంటాం.

ఈ బండి ముందు భాగంలో స్టీరింగుకు ఒకటి అటు, ఒకటి ఇటు రెండు అరలు ఉన్నాయి. వాటికి తలుపులు లేవు. గోడ గూట్లో వస్తువు పెట్టినట్టు పెట్టి, తీసుకోవడమే. పోయిన వానాకాలం వరకు వాటి గురించి మాలో ఎవరూ ఆలోచించలేదు.

జులైలో ఒక ఉదయం మా తరగతి అమ్మాయి ఎప్పటిలాగే బండి ఎక్కింది. ఆమె కాలికి క్యాలిపర్ ఉంటుంది, ఒక చేతిలో కర్ర ఉంటుంది. వాళ్ల నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. ఆ రోజు బడి ఆఫీసులో ఇవ్వాల్సిన కవరును తన ముందున్న అరలో పెట్టింది. అందులో టీసీ కోసం దరఖాస్తు, నాన్నగారి సర్వీసు సర్టిఫికెట్టు, ఇంతకు ముందు చదివిన రెండు బడుల మార్కుల కాగితాలు ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఒక్క కుదుపు కుదిపింది. కవరు ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు. మూడో పీరియడ్లో తోటమాలికి కాలవ పక్కన దొరికింది. అప్పటికే వాన నీళ్లలో నాని, సిరా అంతా అలుక్కుపోయింది.

బదిలీల ఇళ్లలో కాగితం అంటే ఏమిటో మీకు మేం చెప్పక్కర్లేదు. పాత ఊరి బడికి ఉత్తరం రాసి, ఫోన్లు చేసి, నకళ్లు తెప్పించుకునేసరికి చాలా వారాలు పట్టింది. నాన్నగారు ముందు వెళ్లిపోయారు. అమ్మా, తనూ ఇక్కడే ఆగిపోయారు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. "అరకు తలుపు ఉండుంటే బాగుండేది" అని మాత్రం ఒకసారి అంది. ఆ మాట మాకు గుచ్చుకుంది.

మేం నలుగురం తొమ్మిదో తరగతి వాళ్లం. ఒకరిది బొబ్బిలి, ఒకరిది సిద్దిపేట, ఒకరిది కావలి. నాలుగో వాడిది ఏ ఊరో వాడికే సరిగ్గా తెలియదు. పుట్టింది జోధ్‌పూర్లో, అమ్మమ్మగారిది అనకాపల్లి. తలుపులు మేమే చేస్తామని కార్యానుభవం సార్ దగ్గరికి వెళ్లాం. సార్ ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు: బండికి ఒక్క కన్నం కూడా అనవసరంగా పెట్టకూడదు. ప్లాస్టిక్కుకు పెట్టిన కన్నం మళ్లీ పూడదు.

అసలు ఆ అరలకు తలుపులు ఎందుకు లేవు అన్నది మా మొదటి ప్రశ్న. జవాబు గోల్ఫ్ ఆటలోనే ఉంది. ఆడేవాళ్లకు కావలసింది రెండు బంతులు, ఒక గ్లవ్, ఒక నీళ్ల సీసా. కొద్ది దూరానికోసారి దిగుతారు, ఎక్కుతారు. చెయ్యి చాపగానే వస్తువు అందాలి. మెత్తటి గడ్డి మీద నెమ్మదిగా పోయే బండిలో తలుపు అడ్డమే. అమెరికాలో ఈ బండ్లు తయారుచేసే పేరున్న కంపెనీలు రెండు, ఈ-జీ-గో, క్లబ్ కార్, జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా ప్రాంతానివి. ఈ-జీ-గో 1954లో మొదలైంది. అదే రాష్ట్రంలో పీచ్‌ట్రీ సిటీ అనే ఊరుంది. అక్కడ ఈ బండ్లు తిరగడానికే సుమారు 160 కిలోమీటర్ల దారులు వేశారు. జనం వీటిలోనే కూరగాయలకు వెళతారు, పెద్ద పిల్లలు హైస్కూలుకు కూడా వెళతారు. మైదానం దాటి వీధిలోకి వచ్చాక బండిలో పెట్టే వస్తువులు మారిపోతాయి: తాళాలు, ఫోన్లు, కాగితాలు. అప్పుడు తలుపు కావాలి. అందుకే అక్కడ రెడీమేడ్ తలుపులు అమ్ముతారు, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లూ ఉన్నారు. మా బండి కూడా మైదానం దాటి బడికొచ్చిందే కదా.

ఇంకో చిన్న సంగతి. మన రోడ్డు బండ్లకు స్టీరింగు కుడివైపు ఉంటుంది. మా బ్యాటరీ బండికి ఎడమవైపు ఉంది. కాబట్టి డ్రైవర్ అంకుల్ ముందున్నది ఎడమ అర, చిన్నది. పక్కన కూర్చునేవాళ్ల ముందున్నది కుడి అర, పెద్దది. కవరు పడిపోయింది ఈ కుడి అరలోంచే.

పని మొదలుపెట్టే ముందు వస్తువులు ఎప్పుడు బయటికి పడతాయో చూడాలన్నారు సార్. మేం వెంటనే "బ్రేకు వేసినప్పుడు" అన్నాం. అది తప్పు. అర నోరు కూర్చున్నవాళ్ల వైపు, అంటే వెనక్కి తిరిగి ఉంటుంది. బ్రేకు వేస్తే వస్తువులు ముందుకు, అంటే అర లోపలికే పోతాయి. బయటికి తోసేవి రెండే. మొదటిది బండి కదలడం మొదలుపెట్టే క్షణం. కరెంటు మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే గట్టిగా లాగుతుంది. బండి ముందుకు పోతుంది, అరలోని వస్తువు జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అలా మన వైపు జారుతుంది. రెండోది స్పీడ్ బ్రేకర్. ముందు చక్రాలు ఎక్కినప్పుడు బండి మూతి పైకి లేస్తుంది, అర అడుగు మన వైపు వాలుతుంది, దానికి తోడు కుదుపు. పది గోలీలు అరలో పోసి చూశాం. ఎత్తు స్పీడ్ బ్రేకర్ మీద ఏడు కింద పడ్డాయి. బ్రేకు వేసినప్పుడు ఒక్కటీ పడలేదు. భౌతికశాస్త్రం పాఠంలో బస్సు బొమ్మ చూసి వల్లె వేసిన జడత్వం మాకు ఆ రోజు గోలీలతో అర్థమైంది. అందుకే మా తలుపు లోపలి నుంచి వచ్చే తోపుకు ఆగాలి అని రాసుకున్నాం.

తర్వాత కొలతలు. కొలబద్ద పెట్టి కొలిస్తే ప్రతిసారీ వేరే లెక్క వచ్చింది. కారణం, అర నోరు చదరంగా లేదు. మూలలు గుండ్రం, పై అంచు కొంచెం వంపు. అప్పుడు చిన్నప్పటి ఆట పనికొచ్చింది. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే బొమ్మ పడుతుంది కదా, అలాగే అర నోటి మీద పెద్ద కాగితం టేపుతో అంటించి, అంచుల వెంట పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దాం. అంచు గీత నల్లగా పడింది. దాన్ని అట్టపెట్టె ముక్క మీదికి దించి, కత్తిరించి, బండికి పెట్టి చూసి, మళ్లీ కత్తిరించాం. కుడి అరకు మూడో అట్ట సరిపోయింది. ఎడమ అరకు ఐదోది. అట్ట పాడైతే ఇంకో అట్ట, ప్లై పాడైతే డబ్బులు.

తలుపు అర నోట్లో కూర్చోవాలా, నోటి మీద మూతలా పరుచుకోవాలా అన్నది తరువాతి పేచీ. లోపల కూర్చుంటే అందంగా ఉంటుంది. కానీ ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఒరుసుకుంటుంది లేదా సందు కనబడుతుంది. పైగా ఎండకు ప్లాస్టిక్ సాగుతుంది. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క, చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీల తేడాకు, సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. జనవరిలో బాగున్న తలుపు మే నెలలో బిగుసుకుపోవచ్చు. మేం మూత పద్ధతే ఎంచుకున్నాం. అర నోరు 28 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల ఎత్తు. చుట్టూ సెంటీమీటరున్నర ఎక్కువ పెట్టి 31 × 16 తలుపు గీశాం. ఆ సెంటీమీటరున్నర మా తప్పులన్నిటినీ కప్పేసింది.

దేంతో చెయ్యాలి? పారదర్శకంగా ఉంటే లోపలున్నది కనబడుతుందని మొదట అక్రిలిక్ షీటు తెచ్చాం. కన్నాలు పెట్టి బిగించిన రెండో రోజే ఒక కన్నం నుంచి మూల దాకా పగులు వచ్చింది. అక్రిలిక్ గట్టిదే కానీ పెళుసు. అదురుతూ ఉండే చోట కన్నం దగ్గరే పగులు పుడుతుంది. రేకు అనుకుంటే అంచు చేతిని కోస్తుంది, బండి కదిలినంతసేపూ డప్పు మోగుతుంది. చివరికి ప్లైవుడ్ అనుకున్నాం. నీటికి ఆగే ప్లై మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటుంది, ఖరీదు ఎక్కువ. అప్పుడు కావలి వాడు వాళ్ల ఇంట్లోంచి ఒక పెట్టె మూత తెచ్చాడు. మన ఇళ్లలో ఉంటాయి చూడండి, బదిలీ సామాను సర్దే నల్ల పెట్టెలు, తెల్ల రంగుతో పేరు, హోదా, ఊరు రాసినవి, అలాంటి దాని మూత. ఆరు మిల్లీమీటర్ల ప్లై. ఇది ఐఎస్ 710 కాదు. అందుకే కోసిన అంచులకు ఎనామిల్ రంగు మూడు పూతలు వేశాం. ప్లై తడిసి ఉబ్బేది పైనుంచి కాదు, అంచుల నుంచి. అక్కడ పొరలు తెరుచుకుని ఉంటాయి. చాలామంది పైన మెరిసేలా రంగు వేసి అంచుల్ని వదిలేస్తారు.

మడతబందు కొనడానికి బజారుకు వెళ్లినప్పుడు ఒక తమాషా జరిగింది. ఇక్కడ దుకాణం ఆయనకు తెలుగు రాదు, మడతబందును హిందీలో ఏమంటారో మాకు రాదు. చేతులు తలుపులా ఊపి చూపించాం. "అచ్ఛా, కబ్జా!" అన్నాడాయన. మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మన దగ్గర కబ్జా అంటే ఇంకొకడి స్థలం ఆక్రమించడం. హిందీలో మడతబందు కూడా కబ్జాయే. సిద్దిపేట వాడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. మొత్తానికి పొడవాటి పియానో బందు ఒకటి కొన్నాం. తలుపు పొడవునా ఉంటుంది కాబట్టి బరువు ఒక్కచోట పడదు. హ్యాక్సా రంపంతో కోసుకుని, అంచును ఆకురాయితో రాస్తే చాలు.

బందు ఎటువైపు? కింద పెడితే తలుపు కిందికి తెరుచుకుని చిన్న బల్లలా ఉంటుంది, బాగుంటుంది. కానీ గడియ ఊడితే మోకాళ్ల మీద పడుతుంది. పక్కన పెడితే మలుపు తిరిగినప్పుడు ఊగుతుంది. పైన పెడితే, గడియ ఊడినా తలుపు తన బరువుతో తనే మూసుకుంటుంది. మా బండిలో అర నోరు కొంచెం పైకి చూస్తూ వాలి ఉంది కాబట్టి అది ఇంకా అనుకూలం. పైనే పెట్టాం.

కన్నాలు పెట్టే రోజు సార్ మమ్మల్ని ముందు సీటు ఎత్తి చూడమన్నారు. కింద ఆరు బ్యాటరీలు, ఒక్కోటి 8 వోల్టులు, వరుసగా కలిపితే 48. ఉంగరం, గడియారం, స్పానరు వాటి కొసల మీద అడ్డంగా పడితే నిప్పులు కక్కుతాయి. తాళంచెవి తీసి, బండిని తోసుకెళ్లేటప్పుడు వాడే స్విచ్చును ఆ వైపు తిప్పి, అప్పుడే డ్రిల్లు ముట్టుకున్నాం. అర వెనకాల తాళం తీగలు, చార్జింగు చూపే మీటరు తీగలు ఉంటాయి. డ్రిల్లు బిట్టుకు కొస నుంచి ఒక సెంటీమీటరు దగ్గర ఎర్ర టేపు చుట్టాం. టేపు తగలగానే ఆపాలి. డ్రిల్లు సారే పట్టుకున్నారు. "సీటు కింద కూడా సందులు మూసేద్దాం సార్, దుమ్ము పోతుంది" అని బొబ్బిలి వాడు అంటే సార్ గట్టిగా వద్దన్నారు. ఈ రకం బ్యాటరీలు చార్జింగు అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలి ఆడకపోతే అది పోగవుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ సందులు ఉండాల్సినవే.

ఆరు మిల్లీమీటర్ల ప్లైలో స్క్రూ పట్టు చాలదు. అందుకే స్క్రూలు మానేసి, తలుపు వైపు చిన్న బోల్టులు, వెనక వాషరు, నట్టు వేశాం. బండి వైపు రివిట్లు కొట్టాం; ప్లాస్టిక్ మెత్తన కాబట్టి వెనక వెడల్పాటి వాషరు తప్పనిసరి. ఒక కొస కన్నాన్ని నిలువుగా కాక కొంచెం అడ్డంగా కోడిగుడ్డు ఆకారంలో రాశాం, ఎండకు ప్లాస్టిక్ సాగితే జరగడానికి చోటుండాలని.

ఇక గడియ. మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మొదట వంటగది అలమారాలకు వేసే అయస్కాంతం క్యాచ్ వేశాం. ఖాళీ అరకు బాగా పనిచేసింది. ప్రథమ చికిత్స పెట్టె లోపల పెట్టి స్పీడ్ బ్రేకర్ ఎక్కిస్తే, అది లోపలి నుంచి తలుపును గుద్దింది, తలుపు తెరుచుకుంది. తాళం వేద్దామన్నాం. సార్ ఒప్పుకోలేదు. ప్రథమ చికిత్స పెట్టె ఉన్న తలుపుకు తాళం ఉండకూడదు, తాళంచెవి ఉన్నవాడే కళ్లు తిరిగి పడిపోతే ఎవరు తీస్తారు? డ్రైవర్ అంకుల్ ఫోను పెట్టుకునే ఎడమ అరకు మాత్రం సొరుగు తాళం వేశాం. దాన్లో చెప్పాల్సిందేమీ లేదు.

కుడి తలుపుకు అమ్మమ్మగారి ఇంట్లో పాల బీరువాకు ఉండే తిప్పుడు గడియ వేద్దామని అనకాపల్లి వాడు అన్నాడు. ఒకే మేకు మీద తిరిగే చిన్న చెక్కముక్క. తలుపు కింద బండికి బిగించి, ముక్కను పైకి తిప్పితే తలుపును ఆపేలా పెట్టాం. రెండు రౌండ్లు తిరిగేసరికి అదురుకు ముక్క కిందికి వాలిపోయింది, తలుపు తెరుచుకుంది. తప్పు ఎక్కడుందో తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది. మూసి ఉన్నప్పుడు ముక్క బరువు పైన ఉంది, అది ఎప్పుడూ కిందికి పడాలనే చూస్తుంది. అందుకని తలకిందులు చేశాం. మేకును తలుపు మీదికి మార్చాం. ముక్క తలుపు మీది నుంచి కిందికి వేలాడుతుంది. బండి వైపు ఒక చిన్న కొక్కెం పెట్టాం. వేలాడే ముక్క ఆ కొక్కెం వెనక ఉంటుంది, తలుపును మన వైపు రానివ్వదు. పక్కకు తిప్పితేనే వదులుతుంది. ఇప్పుడు ఎంత అదిరినా ముక్క మూసిన స్థితికే వచ్చి ఆగుతుంది. గోలీలు పోసి మూడుసార్లు తిప్పాం, ఒక్కటీ పడలేదు. చేతులు కొట్టుకుని, చాక్లెట్లు పంచుకున్నాం.

మర్నాడు ఉదయం మా తరగతి అమ్మాయిని పిలిచి చూపించాం. బండి ఎక్కింది. ఎడమ చేతిలో కర్ర. కుడి చేత్తో గడియ తిప్పింది, తలుపు ఎత్తింది. అంతే, ఆగిపోయింది. తలుపు పట్టుకున్న చేత్తో కవరు ఎలా తీస్తుంది? తలుపు వదిలితే మూసుకుంటుంది. గడియ ఊడినా తలుపు తనే మూసుకుంటుందని మేం గొప్పగా చెప్పుకున్నామే, అదే ఆమెకు అడ్డమైంది. మా నలుగురికీ రెండేసి చేతులు ఖాళీగా ఉన్నాయి, అందుకే మాకు ఇది తట్టనే లేదు. ఆమె నవ్వుతూ ఇంకో మాట కూడా చెప్పింది: గడియ ముక్క నున్నగా ఉంది, వానలో తడి చేత్తో జారుతుంది.

పియానో బందు దాదాపు పూర్తిగా వెనక్కి మడుస్తుంది. తలుపును పైకెత్తి వెనక్కి వాలిస్తే బండి ముందు భాగం పైన ఆనుతుంది. అక్కడ, ముందు పనికిరాదని తీసేసిన అయస్కాంతాన్ని అంటించాం, తలుపుకు ఎదురు రేకుముక్క పెట్టాం. ఇప్పుడు తలుపు ఎత్తితే టక్కున అంటుకుని అలాగే నిలబడుతుంది. ఆ చెయ్యి ఖాళీ. లోపలి నుంచి గుద్దే పెట్టెను ఆపలేని అయస్కాంతానికి తలుపును ఎత్తి పట్టుకోవడం తేలికే. గడియ ముక్క చివర పాత సైకిలు హ్యాండిల్ రబ్బరు తొడిగాం. ఆమె మళ్లీ వచ్చి, ఒక్క చేత్తో తీసింది, కవరు పెట్టింది, మూసింది. నాలుగైదుసార్లు చేసింది. తర్వాత మాకేసి చూసి, "రబ్బరు రంగు ఇంకేదీ దొరకలేదా?" అంది. గులాబీ రంగు అది. దొరకలేదు.

మొత్తం ఖర్చు 640 రూపాయలు, పగిలిన అక్రిలిక్‌తో కలిపి. తలుపుల బయటివైపు బండి రంగే వేశాం. లోపలివైపు వేయలేదు, రంగు అయిపోయింది. అందుకని కుడి తలుపు ఎత్తితే లోపల తెల్ల అక్షరాలతో "పఠాన్‌కో" అని కనబడుతుంది. మిగతా అక్షరం ఎడమ తలుపులో ఉంది.

నకళ్లు వచ్చాయి. దసరా సెలవుల ముందు ఆమెకు టీసీ ఇచ్చారు. ఆ కాగితం ఆఫీసు నుంచి గేటు దాకా ఆ అరలోనే వెళ్లింది.

మార్చి తర్వాత మాలో ఇద్దరికైనా బదిలీ ఉంటుంది. కాబట్టి తరువాత వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాం: అట్ట నమూనాలు రెండూ కార్యానుభవం గదిలో బీరువా పై అరలో, వార్తాపత్రికలో చుట్టి ఉన్నాయి. ఏది ఎడమ, ఏది కుడి అని వాటి మీదే రాశాం. వానాకాలానికి ముందు బందులకు ఒక చుక్క నూనె వెయ్యండి, కుడి తలుపు కింది అంచుకు ఇంకో పూత రంగు పెట్టండి. అక్కడ ఇప్పటికే కొంచెం లేచింది.